తేలిక సరుకు

"బరువుంటే ఏమైతది రాజీ? మోసేటోళ్ళెవరు?" అన్నాడు సుదర్శన్.

నేనప్పుడు నీళ్ళ క్యాను ఎత్తి స్టాండు మీద బోర్లిస్తున్నాను. నా భర్త సోఫాలో కూర్చుని ఫోన్లో ల్యాప్‌టాప్ బొమ్మలు చూస్తున్నాడు. క్యాను బోర్లించి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఆయన మాటలో నాకు కోపం తెప్పించే సంగతేమీ కనిపించలేదు. పైగా నిజంగానే ఆలోచించాను. అవును, ఎవరు మోస్తారు? ల్యాప్‌టాప్ కొంటున్నది నా పని కోసం. నా పని ఇంట్లోనే. ఇంట్లో కదలకుండా ఉండే వస్తువు ఎంత బరువుంటే ఏం? ఫ్రిజ్జు బరువని ఎవరైనా ఫ్రిజ్జు కొనడం మానేస్తారా?

అయినా "నాకు తేలికదే కావాలె" అనే మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఎందుకు?"

ఎందుకు కావాలో చెప్పలేని గిరాకీకి దుకాణదారు తనకు నచ్చింది అంటగడతాడు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఇప్పుడు నేనే ఆ గిరాకీనయ్యాను.

మాది మట్టెవాడలో, నేల మీద పరుచుకునే జంపఖానాల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా మామ మొండయ్య వయసులో ఉన్నప్పుడు కొత్తవాడలో మగ్గం నేసిన మనిషి. తర్వాత మగ్గం దిగి దుకాణం పెట్టాడు. ఇప్పుడు కొత్తవాడలో మిగిలిన నేతగాళ్ళతో మేమే నేయిస్తాం, మేమే అమ్ముతాం. గల్లా దగ్గర సుదర్శన్ కూర్చుంటాడు. నేను పైన ఉండి జంపఖానాల ఫొటోలు తీస్తాను, ఆన్‌లైన్ ఆర్డర్లకు జవాబులిస్తాను, బిల్లులు కొడతాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను, కొత్త డిజైన్లు గీస్తాను. మా ఇంట్లో ఈ పనులన్నిటికీ కలిపి ఒకటే పేరు. ఎవరైనా వచ్చి కోడలేదని అడిగితే మా అత్తమ్మ యాదవ్వ, "పైన ఫోన్ సూసుకుంటాంది" అని చెబుతుంది. ఆమెను తప్పు పట్టను. దుకాణంలో ఏ వస్తువుకు రేటు చీటీ ఉండదో దాన్ని అందరూ ఊరికే ఇచ్చేదనే అనుకుంటారు. నేనెప్పుడూ చీటీ తగిలించలేదు.

ఇన్నాళ్ళు నేను వాడింది మా మరిది హరీష్ కొన్నాళ్ళు వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ప్లగ్గులో ఉన్నంతసేపే దానికి ప్రాణం. మా ఇంట్లో ఖాళీగా దొరికే ప్లగ్గు వంటింట్లో, ఫ్రిజ్జు పక్కన. అందుకని నా ఆఫీసు ఫ్రిజ్జుకు, మిక్సీకి నడుమ. అత్తమ్మకు పచ్చడి నూరాలంటే "ఒక్క నిమిషమే" అని ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి మిక్సీది పెట్టేది. నేను సగం కొట్టిన బిల్లు మాయమయ్యేది. ఎన్నిసార్లు చెప్పినా "మల్ల వెడ్తె వస్తది గద" అనేది. మళ్ళీ పెడితే వెలుగు వచ్చేది. బిల్లు వచ్చేది కాదు. ఈమధ్య వెలుగు కూడా రావడం మానేసింది. దాంతో కొత్తది కొనాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఏది కొనాలనే దగ్గరే పేచీ.

ఒక సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. హైదరాబాదులో భారతిగారని ఇంటి అలంకరణ సామాను అమ్మే ఒకామె ఉంది. పోయిన చలికాలం మాకు ఒక ఆర్డరిచ్చింది. డిజైను నేనే గీశాను. ల్యాప్‌టాప్ ప్లగ్గు వదిలి కదలదు కాబట్టి సుదర్శన్ తన ఫోన్లో దాని ఫొటో తీసుకుని కొత్తవాడ పోయి, నేతగాడు రాంచందర్‌కు నోటితో చెప్పి వచ్చాడు. నేత పూర్తయి వచ్చేసరికి అంచు రంగులు తారుమారయ్యాయి. ఎర్రటి చోట నీలం, నీలపు చోట ఎరుపు. సరుకంతా వాపసొచ్చింది. డిజైన్లోనే తప్పుందని మా ఇంట్లో తీర్మానమైంది. ఇకనుంచి మగ్గం దగ్గరికి నేనే పోతానన్నాను. "కొత్తవాడకు నువ్వెందుకు? ఇంట్ల మొగోళ్ళు లేరా అంటరు" అన్నాడు సుదర్శన్. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు ఆ భారతిగారే మళ్ళీ ఆర్డరిచ్చింది. అంతకంటే పెద్దది. ఒక్కటే షరతు పెట్టింది: "రాజశ్రీగారూ, ఈసారి పోగు తగిలించేటప్పుడు మగ్గం దగ్గర మీరే ఉండాలి. మాట మారితే నేను తీసుకోను." సరేనన్నాను. ఎలా పోతానో ఆలోచించకుండానే అన్నాను. నా వ్యాపారంలో నేనెప్పుడూ చేయని పని అది.

ల్యాప్‌టాప్ సంగతికొస్తే, హరీష్ సుబేదారిలో ఉంటాడు, ఇంట్లోంచే ఏదో కంపెనీ ఉద్యోగం చేస్తాడు. కంప్యూటర్ల సంగతి మా ఇంట్లో ఆయన మాటే మాట. ఫోన్ చేసి ఓపికగానే చెప్పాడు.

"వదినె, తేలికవి షోకుకు పట్టుకోని తిరిగెటోళ్ళకు. లోపట దమ్ముండది. నేను చెప్పిన దాంట్ల ర్యామ్ డబుల్, గ్రాఫిక్ కార్డ్ వేరే వస్తది. రేపు వీడియోలు ఎడిట్ చెయ్యాలన్నా, పెద్ద డిజైన్లు వెయ్యాలన్నా గుర్రం లెక్క ఉరుకుతది. రెండింటికి పైసలు ఒక్కటే. మీరే ఆలోచించుండ్రి."

ఆలోచించాను. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను బుర్రకు పట్టేదాకా చదివాను, వాడిన నలుగురి మాటలు విన్నాను. అదే డబ్బుకు ఒకటి రెట్టింపు పని చేస్తుంది, ఇంకొకటి సగం బరువుంటుంది. మా దుకాణంలో ఎవరైనా అదే రేటుకు చిక్కటి నేత వదిలి పలచటి నేత తీసుకుంటే నేను లోపల నవ్వుకుంటాను. మరి నన్ను చూసి నేనెందుకు నవ్వుకోలేకపోతున్నాను? నేను వీడియోలు చేయను. బిల్లులకు, ఫొటోలకు, డిజైన్లకు తేలికది సరిపోతుంది. అది నిజమే. కాని సరిపోవడం వేరు, కావాలనిపించడం వేరు. ఆ రెండో దాని లెక్క నాకు అందడం లేదు.

మా ఇంట్లో పెద్ద వస్తువు ఏది కొన్నా మొదట మామ చెయ్యి పడాలి. ఫ్రిజ్జుకూ అంతే, స్కూటర్‌కూ అంతే, నా పెళ్ళి చీరలకూ అంతే. అందుకని మామ, సుదర్శన్, నేను కలిసి హనుమకొండలో ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణానికి పోయాం. అమ్మే అబ్బాయి రెండింటినీ బల్ల మీద పెట్టాడు. హరీష్ చెప్పినది నల్లగా, దిట్టంగా ఉంది. దాని ఛార్జరే చిన్న ఇటుకంత ఉంది. ఇంకొకటి బూడిద రంగులో, పళ్ళెమంత పలచగా ఉంది.

అబ్బాయి స్క్రీన్లు తెరవబోతుంటే మామ ఆగమన్నాడు. రెండు చేతులూ చాచి, ఒక్కో మణికట్టు మీద ఒక్కోటి పెట్టించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. జంపఖానా కొనేటప్పుడు మావాళ్ళు చేసే పని అదే. మడత పెట్టిన జంపఖానాను మణికట్టు మీద వేసుకుంటే నూలు ఎంత పట్టిందో, నేతగాడు ఎక్కడ మోసం చేశాడో చెయ్యే చెబుతుంది. మా సరుకులో బరువంటే నాణ్యం. తేలిక సరుకంటే తిట్టు కింద లెక్క.

మామ బూడిద రంగు దాన్ని బల్ల మీదికి జారవిడిచాడు. "ఇండ్ల ఏం లేదు బిడ్డా. ఉత్త డొల్ల."

అబ్బాయి నవ్వు ఆపుకున్నాడు. "బాపూ, ఇది బట్ట కాదు. ల్యాప్‌టాప్ బరువు తక్కువుంటెనే రేటెక్కువ."

"నేను జెప్పేది గూడ గదే. సరుకు తక్కువ వెట్టి రేటు ఎక్కువ జేస్తాండ్రు. గీ కథ నేను మగ్గం మీద కూసున్ననాటి సంది సూస్తాన్న."

పక్కన ఎవరో నవ్వారు. సుదర్శన్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మామ దింపిన దాన్ని నేను చేతిలోకి తీసుకున్నాను, నా మణికట్టు కూడా ఆయన చెప్పిందే చెప్పింది. పనికిరాని సరుకు, వద్దు అన్నది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి అదే చేతితో జంపఖానాలు తూచాను. ఆ చెయ్యి అబద్ధం చెప్పదు. అయినా దాన్ని కింద పెట్టలేకపోయాను. నా చెయ్యి వద్దంటోంది, వేళ్ళు వదలడం లేదు. ఒకే మనిషిలో ఇద్దరు బేరగాళ్ళు నిలబడితే ఏ బేరం తెగుతుంది?

అబ్బాయి అది గమనించినట్టున్నాడు. "మేడమ్, మీరు దేనికి వాడ్తరు?" అన్నాడు.

"ఇంట్ల బిల్లులు గిట్ల కొడ్తది" అన్నాడు సుదర్శన్.

అబ్బాయి ఇంకా నావైపే చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. "పట్టుకుపోవడానికి" అనబోయాను. ఎక్కడికి అని అడుగుతారు. ఎక్కడికి? వంటింటి నుంచి డాబా మీదికి, డాబా మీదినుంచి వంటింట్లోకి. దానికి తేలికదెందుకు? "కొత్తవాడకు" అనాలంటే భారతిగారి షరతు చెప్పాలి. అది చెప్పినా ఒక్క ఆర్డరు మాట. ఒక్క ఆర్డరు కోసం ఏళ్ళపాటు వాడే వస్తువును ఎంచుకునే వ్యాపారిని నేనెక్కడా చూడలేదు.

"రేపు చెప్తం" అన్నాను.

రేపు చెప్తామంటే ఏమిటో దుకాణాలు నడిపేవాళ్ళకు చెప్పక్కర్లేదు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. సుదర్శన్ ముఖం ఎర్రబడింది.

ఇంటికి వస్తూ ఆటోలో, మామ వినకుండా గొంతు తగ్గించి అన్నాడు, "నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్. ఒక్కటి జెప్పు. అది ఎందుకొద్దు?"

"తెల్వది."

"తెల్వకుంటె తెలిసినోళ్ళు జెప్పింది ఇనాలె."

ఆ మాటలో కూడా తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

మర్నాడు పొద్దున టీ తీసుకుని దుకాణంలోకి దిగాను. తండ్రీకొడుకులిద్దరూ గల్లా పక్కన ఉన్న మూటలు జరిపి బల్ల వేస్తున్నారు.

"కొత్త ల్యాప్‌టాప్ ఈడ వెడ్దం" అన్నాడు సుదర్శన్. "సీసీ కెమెరాలు గూడ దీంట్లనే సూడొచ్చు. వచ్చినోళ్ళకు కనవడ్తది, జర పెద్ద దుకాణం లెక్కుంటది. పొద్దంత ఈడ నడుస్తది. మాపు దుకాణం మూసినంక నువ్వు దిగి నీ బిల్లులు గొట్టుకో."

"పొద్దంత ఆర్డర్లొస్తయి గద?"

"ఫోన్ల సూసుకో. మాపటికి అండ్ల ఎక్కియ్యి."

"పొద్దంత జేసే పని మాపు మల్ల జెయ్యాల్నా?"

"నీ ఫికర్ ఏందో నాకు సమజైతలేదు" అన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

మా దుకాణంలో గల్లా వెనక తెల్ల దుప్పటి పరిచిన గద్దె ఉంటుంది. ఇంటి ఆడవాళ్ళు దాని మీద కూర్చోరు. వద్దని నాకెవరూ చెప్పలేదు. అత్తమ్మ కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు, అంతే. గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు దిగి పక్కన నిలబడి జంపఖానాలు పరిచి చూపిస్తాను. మామ లోపలికి వస్తే ఇంకొంచెం పక్కకు జరుగుతాను. ఇప్పుడు నా పని చేసే వస్తువు పోయి ఆ గద్దె పక్కన కూర్చుంటుంది. వంటింట్లో ఫ్రిజ్జు పక్కనున్నా అది నా చేతి కిందే ఉండేది.

అదేనా నేను తేలికది అడగడానికి కారణం? అనుకుంటే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. తర్వాత లెక్క తప్పని తేలింది. వాళ్ళు గల్లా పక్కన బల్ల వేయకముందే నేను తేలికది కావాలన్నాను. కారణం ముందు, కోరిక తర్వాత రావాలి. నాకు వెనకా ముందూ అయింది. అంటే కారణం ఇంకెక్కడో ఉంది. దుకాణంలో సరుకు లెక్క తేడా వస్తే ఒక్కో బీరువా తెరిచి వెతుకుతాం. నన్ను నేను అలా వెతకడం నాకు అలవాటు లేదు. ఏ బీరువా తెరిచినా ఇంకొకరి బట్టలే కనిపిస్తున్నాయి. అత్తమ్మ మందులు, మామ మోకాళ్ళ నూనె, సుదర్శన్ ఆకలి, హరీష్ చెప్పిన మాట. ఇందులో నాదేది?

ఆలోచనతో తేలని దాన్ని తూచి తేల్చుకోవడం నాకు వచ్చు. కొనే ముందు ఏ సరుకైనా వాడి చూడాలి. ల్యాప్‌టాప్‌ను వాడి చూడ్డానికి ఎవరూ ఇవ్వరు. బరువును వాడి చూడొచ్చు కదా అనిపించింది. దుకాణంలో, నేను చేతిసంచులు కుట్టించే చిరిగిన జంపఖానాల ముక్కలుంటాయి. వాటిని మా కాంటా మీద తూచి రెండు సంచుల్లో నింపాను. ఒకటి ఆ నల్లదీ దాని ఛార్జరూ కలిపి ఎంతో అంత. రెండోది బూడిద రంగు దాని బరువు. గల్లా దగ్గరినుంచి సుదర్శన్ చూసి, "పార్సలా?" అన్నాడు. అవునన్నాను.

మొదట బరువైన సంచి పట్టుకున్నాను. ఫొటోలు తీసే డాబా మీదికి ఎక్కాను, దిగాను, బట్టలు ఆరేశాను, కిందికి పోయి ఒక గిరాకీకి జంపఖానాలు చూపించి పైకి వచ్చాను. కూర తాలింపు వేసేటప్పుడు చూస్తే భుజానికి సంచి లేదు. ఎక్కడ మరిచానా అని దిగిపోతే గల్లా పక్కన కొత్త బల్ల మీద ఉంది. నేనే పెట్టి వచ్చాను. పెట్టినట్టు కూడా గుర్తులేదు. దాన్ని మళ్ళీ ఎత్తుకోబుద్ధి కాలేదు. అక్కడే ఉండనిచ్చాను.

తర్వాత రెండోది వేసుకున్నాను. దాంతోనే అన్నం వార్చాను, దాంతోనే కూరగాయలు తరిగాను. అత్తమ్మ మిక్సీ దగ్గర నిలబడి చూసింది.

"సంచేసుకోని వంట జేస్తానవేందే? యాడికన్న పోతానవా?"

"లేదత్తమ్మా. బరువు సూస్తాన్న."

"వంట బరువా?"

ఉన్న సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని సంచి తీసుకుంది. ముందు మణికట్టు మీద వేసుకుంది, తర్వాత భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా నడిచి మళ్ళీ వచ్చింది.

"మీ మామ దుకాణం వెట్టిన కొత్తల కొత్తవాడ సంది నూలు మూటలు నెత్తి మీద వెట్టుకోని తెచ్చేదాన్ని. ఆయన సైకిల్ మీద ముందట పోతుండె. మూట దించినంక దుకాణంల నాకు పనుండకపోయేది." సంచి నా చేతిలో పెట్టింది. "గింత తేలికుంటె మనిషి ఇంట్ల ఉన్నదో పోయిందో గూడ తెల్వది."

అది ఎత్తిపొడుపో, హెచ్చరికో, ఇంకేమైనానో తెలుసుకుందామని ముఖం చూశాను. ఆమె అప్పటికే మిక్సీ వేసింది. ఆ చప్పుడులో అడిగినా వినపడదు.

ఆ మధ్యాహ్నం కొరియర్ ఇచ్చి వస్తానని చెప్పి బయల్దేరాను. సంచి భుజాన్నే ఉంది, తీయడం మరిచిపోయాను. కొరియర్ ఇచ్చి ఆటో ఎక్కితే "యాడికక్కా?" అని డ్రైవరు అడిగాడు. కొత్తవాడ అన్నాను. పోవాలని నేను నిర్ణయించుకోలేదు. ఇప్పటికీ ఆ మాట నేనే అన్నానా అని అనుమానమే.

రాంచందర్ మగ్గం మీదినుంచి దిగలేదు. అలాగే కూర్చుని గుమ్మంవైపు చూశాడు. "అమ్మా, మీరొచ్చిండ్రా? సార్ రాలే?"

"సార్ గల్లా మీదున్నడు. నేనే వచ్చిన."

ఆయన భార్య సోమక్క కుర్చీ వేసి, కొంగుతో దులిపింది. ఫోన్ తీసి భారతిగారి కొత్త డిజైను చూపించాను. రాంచందర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని, కిందికి లాక్కుని చూశాడు. వేళ్ళతో పెద్దది చేస్తే అంచు కనిపిస్తుంది, నడుమ పోతుంది. నడుమ చూస్తే అంచు పోతుంది. అంచుకు, నడుమకు సంబంధమేమిటో ఒక్కసారిగా చూస్తే తప్ప తెలియదు.

"సంచిల ల్యాప్‌టాప్ ఉన్నదా ఏంది వదినె? అది తియ్యి మరి" అంది సోమక్క.

నాకు అప్పుడు భుజం మీద సంచి గుర్తొచ్చింది. దాచేదేముందని విప్పాను. చిరిగిన జంపఖానా ముక్కలు బయటపడ్డాయి. సోమక్క ఒక ముక్క ఎత్తి చూసి, "అయ్యో, ఇవి మేం నేసినయే గద. వాపస్ తెచ్చినవా?" అంది. నేను సంగతి చెప్పాను. ఆలుమగలిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో అలా నవ్వాను, అదీ నా మీద నేనే.

నవ్వు తగ్గాక రాంచందర్ అన్నాడు, "ఈసారి మీరే సూపెట్టుండ్రి అమ్మా. పోయినసారి సార్ 'ఎర్రది బయట, నీలంది లోపట' అన్నడు. నాకు అనుమానమొచ్చింది. 'ఫోన్ల వేరే ఉన్నట్టున్నది సార్' అన్న. 'నేను జెప్పింది నెయ్యి, ఆమెకేం తెల్సు' అన్నడు."

సోమక్క ఆయనవైపు ఆగమన్నట్టు చూసింది. ఆయన ఆగాడు.

నాకు సంతోషం కలగాలి. తప్పు నాది కాదని తేలింది. కాని నాకు కలిగింది సంతోషం కాదు. ఆ సరుకు వాపసొచ్చిన రోజునుంచి తప్పు నాదేనని ఇంట్లోవాళ్ళు అన్నారు, నేనూ నమ్మాను. నా చేత్తో గీసిన రంగులను, నా కళ్ళను కాదని, వాళ్ళ మాట నమ్మాను. డిజైను తెరిచి మళ్ళీ చూసుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. సుదర్శన్ తారుమారు చేసింది అంచు ఒక్కటే. మిగిలిందంతా నేనే తారుమారు చేసుకున్నాను. ఇది ఎవరి ఖాతాలో రాయాలి? ఎంత ఆలోచించినా తేలలేదు.

"పోగు తగిలించేనాడు నేనుంట" అన్నాను రాంచందర్‌తో. "అండ్ల పెద్దగ కనవడ్తది, ఒక్కసారే సూడొచ్చు."

"దేంట్ల?" అన్నాడు.

"కొంటాన్న" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి సుదర్శన్ గల్లా దగ్గరే ఉన్నాడు.

"యాడికి పోయినవ్? కొరియర్ ఇచ్చెతందుకు గింతసేపా?"

"కొత్తవాడ పోయిన."

"ఎందుకు?"

"భారతిగారి ఆర్డరుకు. మగ్గం దగ్గర నేనుంటెనే తీస్కుంట అన్నది."

ఆయన ఒకసారి మామవైపు చూశాడు. మామ పత్రికలోంచి తల ఎత్తలేదు. "నాకు జెప్పలే" అన్నాడు సుదర్శన్.

"ఇప్పుడు చెప్తాన్న."

రాంచందర్ చెప్పిన మాట నాలుక చివర ఉంది. అది బయటికి అంటే సుదర్శన్ ముఖం మాడిపోతుంది, తండ్రి ముందు. నాకొచ్చేది ఆ ముఖం చూసిన ముచ్చట ఒక్కటే. దానికి ఎన్ని రోజులు మూల్యం చెల్లించాలో, ఎన్ని కూరల్లో ఉప్పు ఎక్కువైందంటాడో లెక్కేశాను. ఆ మాట లోపలే పెట్టుకున్నాను. అది మంచితనం కాదు, భయం కూడా కాదు. అప్పుడు అమ్మితే గిట్టదు, అంతే. లేక అలా అనుకుంటే నాకు తేలిగ్గా ఉందేమో.

"హరీష్ పెద్దదానికి ఆర్డర్ వెడ్త అన్నడు" అన్నాడు సుదర్శన్.

"వద్దని జెప్పు. నేను పోయి తెచ్చుకుంట."

"ఒక్కదానివే? బాపును తీస్కపోవా?"

"మామకు మోకాళ్ళు నొస్తానయి గద."

మామ పత్రిక తిప్పుతూ, "డొల్ల తెస్తది" అన్నాడు. ఎవరితోనూ అనలేదు.

ల్యాప్‌టాప్ దుకాణంలో ఆ అబ్బాయి నన్ను గుర్తుపట్టాడు. ముందు తలుపువైపు, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. బూడిద రంగుది పెట్టాడు. నేను మణికట్టు మీద వేసుకోలేదు. తెరిచి భారతిగారి డిజైను పెట్టమన్నాను. అంచు, నడుమ ఒక్కసారే కనిపించాయి. ప్లగ్గు తీసేయమన్నాను. వెలుగు అలాగే ఉంది. చేతిలో పట్టుకుని దుకాణం గుమ్మం దాకా నడిచి వచ్చాను. చాలా మంది చూశారు. ఇది నాకు సరైనదేనా అని అప్పుడు కూడా మనసులో గుబులే. నేను కొంటున్నది పని చేసుకునే వస్తువునా, ఇంట్లోంచి బయటికి పోయే దారినా? దారి అయితే ఎక్కడిదాకా? కొత్తవాడ దాకా తెలుసు. ఆ తర్వాత తెలియదు. తెలియని దారికి నేనెప్పుడూ బండి మాట్లాడుకున్నదాన్ని కాదు.

"ప్యాక్ చెయ్యి" అన్నాను.

పాత జంపఖానా ముక్కలతో నేను కుట్టించి అమ్మే చేతిసంచుల డబ్బు నా ఖాతాలో పడుతుంది. అందులోంచి కట్టాను. అబ్బాయి బిల్లు కొట్టబోతూ అన్నాడు, "మేడమ్, మీకు దుకాణం ఉంటె జీఎస్టీ నంబర్ జెప్పుండ్రి. దుకాణం పేరు మీద బిల్లు తీస్కుంటె ట్యాక్స్ మీకు వాపస్ వస్తది."

నిజమే. ఆ సంగతి మా కొత్త గిరాకీలకు నేనే చెబుతుంటాను, మొండికేస్తే కోప్పడతాను. ప్రతి నెలా మా దుకాణం లెక్కలో ఆ వాపసును పైసా వదలకుండా రాబట్టేది నేనే. ఆ నంబరు నిద్రలో లేపినా చెబుతాను. అది చెబితే ఈ వస్తువు దుకాణం ఆస్తుల పట్టికలో చేరుతుంది. పట్టికలో చేరిన దాని చోటు గల్లా పక్కన. దానికి ఎవరూ నన్ను అడగక్కర్లేదు. వాళ్ళ తప్పూ ఉండదు. రాసిచ్చింది నేనే అవుతాను.

"దుకాణం పేరు వద్దు" అన్నాను. "రాజశ్రీ అని రాయి."

"ట్యాక్స్ పోతది మేడమ్. గంత నష్టం ఎందుకు?"

"నష్టమెంతో నాకు తెల్సు" అన్నాను. "నా పేరే రాయి."